8 అని రాసుంది, 6.9 తూగింది: కోయంబత్తూరులో స్ప్రింగులు చుట్టించుకున్నాక

కోయంబత్తూరు వర్క్‌షాపులో నా కారు సస్పెన్షన్‌కి చుట్టించుకున్న నాలుగు స్ప్రింగులకి 13,600 రూపాయలు, జీఎస్టీ అదనం. పది రోజుల్లో ఇస్తామన్నారు, ఇరవై నాలుగు రోజులు పట్టింది. నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఒకసారి ఎత్తుతారు. పెయింట్ నాసిగా ఉంది. అయినా మళ్లీ అక్కడే ఆర్డర్ పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియాలంటే ముందు నా 68,000 రూపాయల తెలివితక్కువ పని గురించి చెప్పాలి.

గుంటూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. నాది 2014 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్. ఏడాదికి మూడు నాలుగుసార్లు చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, వెళ్తాను. మధ్యలో ఎక్కడైనా కాంక్రీట్ గ్రౌండులో కోన్‌లు పెట్టి ఆటోక్రాస్ జరిపితే అక్కడికీ. కప్పులు గెలిచేంత లేదు, సరదా. నా కారు ట్రెయిలరెక్కి వెళ్లే రకం కాదు. వెనక సీట్లో హెల్మెట్, పులిహోర డబ్బా పెట్టుకుని తెల్లవారుజామున బయల్దేరి నాలుగు వందల కిలోమీటర్లు నడిపి ట్రాక్‌కి వెళ్లడం, మర్నాడు అదే కారులో ఇంటికి రావడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒరిజినల్ సస్పెన్షన్‌తో ట్రాక్ మీద కారు బాగా ఒరుగుతోందని రెండేళ్ల కిందట ఒక పెద్ద ఊళ్లో పేరున్న షాపుకి వెళ్లాను. పేరు రాయను. తోడుగా మా తమ్ముణ్ణి తీసుకెళ్లడం నేను చేసిన మొదటి పొరపాటు. వాడికి క్లచ్ ఏదో బ్రేక్ ఏదో సరిగ్గా తెలీదు. అయినా కౌంటర్ దగ్గరి కుర్రాడు గంటసేపు వాడికే వివరించాడు. నేను ఏదైనా అడిగితే జవాబు కూడా వాడి వైపు చూసే చెప్పాడు. "సార్, ట్రాక్ అంటున్నారు కదా, ముందు 8, వెనక 6 వేసేద్దాం. అందరూ అదే వేస్తారు." 8 అంటే మిల్లీమీటరుకి 8 కిలోలు, స్ప్రింగుని ఒక మిల్లీమీటరు నొక్కాలంటే 8 కిలోల బరువు పెట్టాలని. కారు బరువెంత అని అడగలేదు. ఏ టైర్లు అనీ అడగలేదు. నేనూ చెప్పలేదు. రోజూ స్ప్రింగుల సూత్రం హుక్స్ లా బోర్డు మీద రాసే మనిషిని, కౌంటర్ దగ్గర నోరు మూసుకుని, స్ప్రింగులూ వాటి ఊగుడుని ఆపే డంపర్లూ కలిసిన 68,000 రూపాయల కిట్‌కి కార్డు గీకి వచ్చాను.

బిగించాక కారు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. నడిపితే మాత్రం నరకం. ట్రాక్ మీద బ్రేకు వేసే చోట చిన్న ఎగుడుదిగుడు ఉంటే ముందు చక్రం నేల వదిలి గెంతుతోంది, వెంటనే చక్రం బిగుసుకుపోకుండా బ్రేకుని వదిలి పట్టే ఏబీఎస్ టకటకలాడుతోంది. మలుపు లోంచి బయటికొస్తూ యాక్సిలరేటర్ తొక్కితే లోపలి వైపు ముందు చక్రం ఊరికే తిరిగి పొగ కక్కుతోంది. ఎడమ మలుపుల్లో ముక్కు తిరగనని మొండికేస్తుంది, కుడి మలుపుల్లో మాట వింటుంది. ఈ చివరిది నా డ్రైవింగ్ లోపమే అనుకున్నాను ఏడాదిన్నర పాటు. ఇంటికొచ్చే దారిలో నెల్లూరు దాటేసరికి నడుం పట్టేసేది.

చివరికి ఒక ఆదివారం కూర్చుని ఆ షాపులో చేయాల్సిన లెక్క ఇంట్లో చేశాను. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, ఇంటర్ ఫస్టియర్ డోలనాల చాప్టర్ చాలు. స్ప్రింగు మీద కూర్చున్న బరువు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందన్నది స్ప్రింగు గట్టిదనాన్ని బరువుతో భాగించి, వర్గమూలం తీసి, రెండు పైలతో భాగిస్తే వస్తుంది. మామూలు రోడ్డు కారు సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా తయారవుతుంది. మామూలు టైర్లతో ట్రాక్ మీద తిరిగే నాలాంటి వాళ్లకి రెండు, మహా అయితే రెండుంపావు హెర్ట్జ్ (సెకనుకి అన్ని ఊగులు) చాలు. రెక్కలు పెట్టుకుని గాలి ఒత్తిడితో నేలకి అతుక్కునే రేసు కార్లు మూడు నాలుగు దాటి వెళ్తాయి, వాటి అవసరం వేరు. కాబట్టి ముందు ఎన్ని హెర్ట్జ్ కావాలో అనుకుని, అక్కణ్ణుంచి స్ప్రింగుకి రావాలి. 8 అనే అంకెతో మొదలుపెట్టడం అంటే కాలు కొలవకుండా చెప్పు కొనడమే.

బరువు కోసం మిర్చి యార్డు పక్కన కాటాకి వెళ్లాను. మిర్చి లారీల మధ్య నా స్విఫ్ట్, నేను హెల్మెట్‌తో సహా లోపల. ముందు చక్రాలు మాత్రం కాటా మీద పెట్టి ఒకసారి, మొత్తం కారు ఎక్కించి ఒకసారి తూయించాను. కాటా ఆయన బిల్లు మీద సరుకు అనే చోట ఏం రాయాలో తెలీక "కారు" అని రాసిచ్చాడు. ముందు 625, మొత్తం 1,010 కిలోలు. దగ్గుతూ తుమ్ముతూ ఇంటికొచ్చాను కానీ కావాల్సిన అంకె దొరికింది. ముందు ఒక్కో చక్రానికి 312. అందులో చక్రం, బ్రేకు, హబ్ లాంటి స్ప్రింగు కింద వేలాడే బరువు ఓ 35 తీసేస్తే స్ప్రింగు మోసేది 277 కిలోలు. వెనక వేలాడే బరువు ఇంకొంచెం తక్కువ, ఇలాగే లెక్కేస్తే 165.

ఇంకో కొలత కూడా కావాలి. చక్రం 50 మిల్లీమీటర్లు పైకి లేస్తే స్ప్రింగు కూడా సరిగ్గా 50 నలగదు. జాకీ పెట్టి చక్రాన్ని లేపుతూ టేపుతో కొలిస్తే ముందు 47.5, వెనక 44 వచ్చింది. అంటే నిష్పత్తి 0.95, 0.88. లెక్కలో వీటి వర్గం వాడాలి, ఎందుకంటే చక్రానికీ స్ప్రింగుకీ మధ్య ఉన్న కడ్డీ మీటలా పనిచేయడం వల్ల బలమూ తగ్గుతుంది, కదలికా తగ్గుతుంది. చాలామంది ఒక్కసారే గుణించి వదిలేస్తారు. మా క్లాసులో అయితే అక్కడే అర మార్కు పోతుంది.

షాపు వాళ్ల 8 ని ఈ లెక్కలో పెడితే 2.5 హెర్ట్జ్ పైన వచ్చింది. వెనక 6 కి 2.6. మామూలు టైర్లున్న వెయ్యి కిలోల కారుకి, ఎగుడుదిగుడు కాంక్రీటు మీద తిరిగే కారుకి ఇది చాలా ఎక్కువ. గెంతక ఏం చేస్తుంది?

కోయంబత్తూరు అడ్రస్ ట్రాక్‌లో పరిచయమైన ఒకతను ఇచ్చాడు. ఆ ఊరికి ఈ పిచ్చి కొత్తేం కాదు. చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, ఫార్ములా వన్ డ్రైవర్ నారాయణ్ కార్తికేయన్ ఊరు, అంతకుముందు ఎన్నో యంత్రాలు కనిపెట్టిన జి.డి. నాయుడు గారి ఊరు. సందుకో లేత్ మిషన్. ఈ వర్క్‌షాపు ప్రధానంగా మిల్లు యంత్రాలకి స్ప్రింగులు చుడుతుంది, కార్లవి పక్క పని. దీని పేరు కూడా ఇవ్వడం లేదు, కారణం వేరే. "నెలకి రెండు సెట్లు దాటితే మాకు కుదరదు, ఊరంతా చెప్పొద్దమ్మా" అని పెద్దాయనే అన్నారు.

షాపు వాళ్ల స్ప్రింగులు నాలుగూ, కిట్‌లోని డంపర్ ఒకటీ, ఒరిజినల్ వెనక స్ప్రింగు ఒకటీ బ్యాగులో పెట్టుకుని శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మాలల సీజను. బోగీ నిండా స్వాములు, ఇరుముళ్లు, శరణుఘోష. నా బ్యాగు సీటు కిందకి తోయబోతే కదల్లేదు. ఒక స్వామి సాయం పట్టి, "ఏం తల్లీ, ఇంత బరువుంది, కొబ్బరికాయలా?" అన్నారు. జిప్ తీసి చూపించాను. ఆయన ఇంకేం అడగలేదు.

వర్క్‌షాపు పెద్దాయనకి డెబ్బై ఉంటాయి. నేను వచ్చీరాని తమిళంలో మొదలుపెడితే ఆయన తెలుగులోనే జవాబిచ్చారు. తరాల కిందట అక్కడ స్థిరపడిన కుటుంబం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. మాట సాగదీసే తీరులో తమిళం, మాటలు మాత్రం మనవే. టీ తెప్పించి ముందు పాత స్ప్రింగులు చూద్దామన్నారు.

వాళ్ల దగ్గరున్న టెస్టింగ్ మిషన్ పాతది. పెద్ద గడియారం లాంటి డయలు, పక్కన స్కేలు, పైన చేత్తో తిప్పే చక్రం. నా "8" స్ప్రింగుల్లో ఒకటి పెట్టారు. దాని మీద తెల్ల అక్షరాలతో 8కె అని అచ్చు వేసి ఉంది. 30 మిల్లీమీటర్లు నొక్కితే ముల్లు 207 దగ్గర ఆగింది. అంటే 6.9. రెండోది పెట్టారు, 234. అంటే 7.8. ఆయనేం మాట్లాడలేదు, డయలు మీద వేలితో రెండుసార్లు తట్టారంతే. నాకు ఒళ్లు మండిపోయింది. మెత్తటిది ఎడమ వైపుది. ఎడమ మలుపులో బరువు పడేది కుడి చక్రం మీద, అంటే గట్టి స్ప్రింగు మీద. ఏడాదిన్నర పాటు నన్ను నేను తిట్టుకున్న ఆ మొండి ముక్కుకి కారణం అదన్నమాట. ఇంకొకటి కూడా అప్పుడే అర్థమైంది. ఆ షాపులో బిగించిన రోజు ఎడమ వైపు స్ప్రింగు ఎత్తు సర్దే మరలు కుడివైపు కంటే 5 మిల్లీమీటర్లు పైకి తిప్పి ఉన్నాయి. అడిగితే "మీ కారు ఒరిజినల్‌గానే వంకర ఉంది మేడమ్" అన్నారు. వంకర నా కారుది కాదు!

నేను లెక్కలు వేసిన కాయితం తీసి, ముందు 6 కావాలన్నాను. 2.2 హెర్ట్జ్ వస్తుంది. ఆయన లెక్క చూశారు, తప్పు పట్టలేదు. "ట్రాక్ దాకా బండి ఎట్లా తెస్తావమ్మా?" అన్నారు. నడిపి తెస్తానన్నాను. "ఏ టైరు?" మామూలు రోడ్డు టైరే అన్నాను. "డంపర్?" కిట్‌తో వచ్చినవే. ఆయన డంపర్ రాడ్డుని చేత్తో నొక్కి, లాగి చూశారు.

తర్వాత చెప్పిందే ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా పనికొచ్చింది. స్ప్రింగు గట్టిపడే కొద్దీ అది తిరిగి తన్నే తన్నుని ఆపడానికి డంపర్ కూడా గట్టిపడాలి. నా ఒరిజినల్ ముందు స్ప్రింగు మిల్లీమీటరుకి 2 కిలోలే. 5 వేస్తే రెండున్నర రెట్లు, దానికి డంపింగ్ దాదాపు 1.6 రెట్లు కావాలి. నా కిట్‌లో డంపర్ గట్టి వైపు చివరి క్లిక్కులో దాన్ని అందుకోగలదు. 6 కి చాలదు. లాగి చూసి ఆయన చెప్పింది ఇదే, నేను కాయితం మీద వేసుకుంటే అదే వచ్చింది. స్ప్రింగులకి పోయే డబ్బు తక్కువ, మంచి డంపర్లకి పోయేది ఎక్కువ. అందుకని ఉన్న డంపర్‌కి తగ్గ స్ప్రింగు వేసుకోవాలి గానీ ముందు స్ప్రింగు కొని డంపర్ చూద్దాంలే అనుకోకూడదు. ముందు 5, వెనక 4.5 దగ్గర ఒప్పందం కుదిరింది. ముందు 2 హెర్ట్జ్, వెనక 2.3.

వెనక ఎందుకు ఎక్కువ అని నన్ను చాలామంది అడిగారు. గుంత ముందు చక్రానికి తగిలాక కాసేపటికి వెనక చక్రానికి తగులుతుంది. వెనక కొంచెం వేగంగా ఊగితే ముందుని అందుకుంటుంది, కారు ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగదు. ముందు చక్రాలే లాగే కారుకి ఇంకో లాభం కూడా ఉంది. ఒరుగుడు భారంలో ఎక్కువ వాటా వెనక స్ప్రింగులు మోస్తే లోపలి ముందు చక్రం నేల మీద నిలబడి లాగుతుంది. లోపలి వెనక చక్రం కాస్త గాల్లోకి లేచినా దానికి పనేం లేదు కాబట్టి నష్టం లేదు.

స్ప్రింగు పొడవు దగ్గర మళ్లీ వాదన. నేను 200 మిల్లీమీటర్లది అడిగాను, పాతది 180 కాబట్టి. ఆయన కాయితం మీద గీసి చూపించారు. 11 మిల్లీమీటర్ల తీగ, పని చేసే చుట్లు 7, చివరి రెండు కలిపి 9. అన్నీ ఒకదాని మీద ఒకటి కూర్చుంటే 99 మిల్లీమీటర్లు. కారు బరువుకే 58 నలుగుతుంది. 200 లోంచి 58 పోతే 142, అందులో ఇంకా నలగడానికి మిగిలింది 43. ఒక్క మంచి గుంత చాలు, చుట్టు చుట్టుకి తగిలి అక్కడితో స్ప్రింగు కాస్తా ఇనప దిమ్మ అయిపోతుంది. 220 చేస్తే 63 మిగులుతుంది. సరే అన్నాను. ఏడాదికి పదిసార్లు బోర్డు మీద స్ప్రింగు బొమ్మ గీస్తాను, చుట్లు కలిసిపోయాక ఏమవుతుందని ఒక్క పిల్లాడూ అడగలేదు, నాకూ తట్టలేదు.

తీగ మందం గురించి ఒక మాట. గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 11 కి బదులు పదకొండున్నర తీగ వాడితే మిగతావన్నీ అంతే ఉన్నా దాదాపు ఐదో వంతు గట్టిపడుతుంది. నాకు అన్నేసి రోజులు ఆలస్యం అయింది ఇందుకే. వాళ్ల దగ్గర ఆ వారం పదకొండున్నర ఉంది, 11 లేదు. "ఉన్నదాంతో చుట్టి ఇచ్చేయొచ్చు, నీకు తెలీదు కూడా" అని నవ్వారు. ఇవ్వలేదు. కానీ ఆలస్యమవుతోందని తామంతట తాము ఒక్క ఫోన్ చేసి చెప్పలేదు. పదకొండో రోజు నుంచి నేనే చేస్తూ పోయాను. ఎవరో కుర్రాడు ఎత్తి "నాళైక్కి" (రేపు) అంటాడు, పెట్టేస్తాడు.

లారీ పార్సిల్‌లో వచ్చాయి. ఒక్కో స్ప్రింగుకి దారంతో కట్టిన అట్టముక్క, దాని మీద పెన్సిల్‌తో కొలతలు. ముందు కుడిది 30 కి 150, 60 కి 301, 90 కి 456. ఎడమది అదే వరసలో 148, 298, 451. రెండింటికీ తేడా ఒకటిన్నర శాతం లోపే. ఆ అట్టముక్కలు దాచుకున్నాను. ఇన్నేళ్లలో కారుకి కొన్న ఏ వస్తువూ తన కొలత తాను చెప్పుకుంటూ ఇంటికి రాలేదు.

ఆటోనగర్‌లో మా మెకానిక్ అరపూటలో బిగించాడు. వెనక స్ప్రింగు చివరలు ఒరిజినల్‌ది నమూనాగా తీసుకుని చుట్టారు కాబట్టి సీటులో సరిగ్గా కూర్చున్నాయి. ముందువి మాత్రం స్టీరింగ్ తిప్పినప్పుడల్లా టక్కుమన్నాయి. పైన ప్లాస్టిక్ వాషర్ వేస్తే పోయింది. ఇంట్లో సొంతంగా విప్పుదామనుకునే వాళ్లకి చెబుతున్నా, నలిగి ఉన్న స్ప్రింగు సరైన కంప్రెసర్ లేకుండా విప్పితే మొహం పగులుతుంది, ఆ సరదా వద్దు.

ట్రాక్ మీద మొదటి సెషన్‌లో నాకు కొంచెం నిరుత్సాహంగా అనిపించింది. కారు మళ్లీ ఒరుగుతోంది. స్నేహితురాలు తీసిన ఫొటోలో పాత 8 ల నాటి ఫొటో కంటే ఒరుగుడు స్పష్టంగా కనిపిస్తోంది. కానీ గడియారం ఇంకోటి చెప్పింది. పాత వాటితో నా బెస్ట్ ల్యాప్ 2 నిమిషాల 24 సెకన్లు. ఆ రోజు మూడో సెషన్లో 2:21. నిజం చెప్పాలంటే అందులో ఒక సెకను నేను నేర్చుకున్నదే, మిగతాది స్ప్రింగులది. బ్రేకు వేసే చోట గెంతడం లేదు. ఎడమ, కుడి మలుపులు ఒకేలా ఉన్నాయి. మలుపు బయట పొగ తగ్గింది, పూర్తిగా పోలేదు. ముందు టైరు బయటి అంచు ఇంకా తొందరగానే అరుగుతోంది, అది స్ప్రింగు పని కాదు, క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణం) పని, ఈసారి చూడాలి. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దగ్గర టీకి ఆగి, దిగి, నడుం మీద చెయ్యి వేసుకోకుండా నడిచాను.

లోపాలు. పౌడర్ కోటింగ్ కింది వైపు నెలలోనే పెచ్చు లేచింది, తుప్పు చుక్కలు కనిపిస్తున్నాయి. గుంటూరు వాన ఒక్కటి పడింది అంతే. రెండు నెలల తర్వాత ఎత్తు కొలిస్తే ముందు 2 మిల్లీమీటర్లు కుంగింది. రెండు వైపులా సమానంగానే, కాబట్టి సర్దుకున్నాను. బిల్లు చేత్తో రాసినది, తమిళంలో ఉంది, మా ఆడిటర్ దాన్ని తిరగేసి బోర్లేసి చూశాడు. గ్యారంటీ గురించి అడిగితే పెద్దాయన "ఇరిగితే తీసుకురా" అన్నారు. ఇరగదనుకోండి.

ఆటోక్రాస్, ట్రాక్ ఏమీ లేకుండా ఊరికే కారు కిందకి కనిపించాలని అనుకునే వాళ్లు అక్కడికి వెళ్లకండి. పెద్దాయన అడిగే ప్రశ్నలకి మీ దగ్గర జవాబులు ఉండవు, ఆయన టైమూ వృథా. మట్టి ర్యాలీ వాళ్లకి నా అంకెలు పనికిరావు, వాళ్లకి ఇంకా మెత్తగా, ఇంకా పొడుగ్గా కావాలి. నా 5, 4.5 ని తీసుకెళ్లి మీ పోలోకో ఐ20కో వేసుకున్నా అదే తప్పు మళ్లీ జరుగుతుంది. కాటా ఖర్చు వందల్లోనే, టేపు ఇంట్లో ఉంటుంది.

ఒక విషయంలో పెద్దాయనతో ఇప్పటికీ నాకు పేచీ ఉంది. వెనక 4.5 కాస్త తక్కువే. పొడవాటి మలుపుల్లో ముక్కు ఇంకా బయటికి జారుతోంది. ఫోన్‌లో చెబితే "ముందు టైరు గాలి చూడు" అన్నారు. చూశాను, గాలి సరిగ్గానే ఉంది. వెనక 5 వేస్తే 2.4 హెర్ట్జ్ వస్తుంది, చాలనుకుంటున్నాను. "నీ డబ్బు, నీ ఇష్టం" అని ఒక జత ఆర్డర్ తీసుకున్నారు. పది రోజులన్నారు. ఇవాళ్టికి పంతొమ్మిది.